యాష్‌బర్న్ నుంచి స్మిత్సోనియన్ దాకా: వాషింగ్టన్ మెట్రోపై ఒక రిటైర్డ్ బుకింగ్ క్లర్కు సమీక్ష

విజయవాడ స్టేషన్ బుకింగ్ కౌంటర్లో పాతికేళ్లకు పైగా కూర్చుని రిటైరైనవాణ్ణి కనుక, కొత్త ఊళ్లో రైలెక్కితే కిటికీలోంచి బయటికి చూడటంకన్నా ముందు టికెట్ ఎలా ఇస్తున్నారు, చార్జీ ఎలా కడుతున్నారు, దారి తప్పినవాడికి ఎవరు సమాధానం చెబుతున్నారు అన్నవి చూడటం నాకు అలవాటు. 2025 జూన్ మొదటి వారంలో నేను, మా ఆవిడ వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లి ఏడు వారాలు ఉన్నాం. ఆ ఏడు వారాల్లో పదకొండు రోజులు వాషింగ్టన్ మెట్రో ఎక్కాం. అందులో ఎనిమిది రోజులు పిల్లల తోడు లేకుండా ఇద్దరమే వెళ్లాం. యాష్‌బర్న్, హెర్న్‌డన్, షాంటిలీ ప్రాంతాల్లో తెలుగు కుటుంబాలు ఎన్ని ఉన్నాయో, ప్రతి వేసవికి అక్కడికి మనవైపు నుంచి ఎందరు అమ్మానాన్నలు వెళ్తుంటారో తెలిసినదే కాబట్టి, కారు నడపడం రాని మా వయసువాళ్లకు ఈ రైలు ఎంతవరకు పనికొస్తుందన్న దృష్టితోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా దేశంలో అడుగుపెట్టే సంగతి. మేము హైదరాబాద్ నుంచి అబుదాబి మీదుగా వెళ్లాం, ఆ దారి ఎంచుకోవడానికి కారణం ఉంది. అమెరికా ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ తనిఖీలు అబుదాబి విమానాశ్రయంలోనే, విమానం ఎక్కకముందే జరిగిపోతాయి. కాబట్టి వాషింగ్టన్ శివార్లలోని డల్లెస్ విమానాశ్రయంలో దిగేటప్పటికి మనం దేశీయ ప్రయాణికులతో సమానం, సామాను తీసుకుని నేరుగా బయటికి వచ్చేయవచ్చు. పధ్నాలుగు గంటలు కూర్చుని కాళ్లు వాచినవాళ్లు దిగీ దిగగానే మళ్లీ క్యూలో నిలబడనక్కర్లేకపోవడం ఎంత సుఖమో పడినవాళ్లకే తెలుస్తుంది. అయితే అబుదాబిలో రెండు విమానాల మధ్య తగినంత వ్యవధి చూసుకోవాలి, లేకపోతే ఆ క్యూ అక్కడ మనల్ని పరుగెత్తిస్తుంది. ఢిల్లీ నుంచి డల్లెస్‌కు ఎయిర్ ఇండియా నడిపిన నేరు విమానం 2025 సెప్టెంబరు 1 నుంచి ఆగిపోయింది కాబట్టి, ఇప్పుడు ఎలాగూ ఎక్కడో ఒకచోట మారాల్సిందే.

ఇమ్మిగ్రేషన్ అధికారి మమ్మల్ని అడిగినవి మూడే ప్రశ్నలు: ఎవరింటికి, ఎన్నాళ్లకు, తిరుగు టికెట్ ఉందా. బి-2 అనే సందర్శకుల వీసా మీద వెళ్లినవాళ్లకు మామూలుగా ఆరు నెలల వరకు ఉండే అనుమతి ఇస్తారు, కానీ లెక్కలోకి వచ్చేది వీసా మీద ఉన్న గడువు తేదీ కాదు, ఐ-94 అనే ప్రవేశ పత్రంలో ఉన్న తేదీ. విమానంలో వెళ్లేవాళ్లకు ఆ పత్రాన్ని 2013 నుంచి కాగితం మీద ఇవ్వడం లేదు; ఇంటికి చేరాక కస్టమ్స్ వాళ్ల వెబ్‌సైటులో చూసుకుని ఒక ప్రతి తీసిపెట్టుకోవాలి. తినుబండారాలు ఏవున్నా ఉన్నాయని చెప్పాలి. చెప్పినందుకు శిక్ష ఉండదు, దాచినందుకు ఉంటుంది. మా ఆవిడ పెరటి కరివేపాకు ఒక కట్ట పెట్టె అడుగున సర్దుతుంటే నేను తీయించేశాను. నిమ్మజాతి చెట్లకు చీడ తెచ్చే పురుగు దాని మీద వస్తుందని కరివేపాకును ఆ దేశంలోకి రానివ్వరు. ఆవకాయ మాత్రం చెప్పి మరీ తీసుకెళ్లాం, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇక రైలు. వాషింగ్టన్ మెట్రో 1976 మార్చి 27న ఐదు స్టేషన్లతో మొదలై, ఇప్పుడు ఆరు రంగుల లైన్లు, 98 స్టేషన్లతో వాషింగ్టన్‌ను, ఇరుపక్కల ఉన్న మేరీలాండ్, వర్జీనియా శివార్లను కలుపుతోంది. మనవాళ్లకు కావలసింది వెండిరంగు సిల్వర్ లైన్. దాని మొదటి భాగం 2014 జూలైలో రెస్టన్ దాకా వచ్చి ఆగిపోయింది. రెండో భాగం 2022 నవంబరు 15న తెరిచాక గానీ డల్లెస్ విమానాశ్రయానికి, ఆపైన యాష్‌బర్న్‌కు రైలు రాలేదు. అంటే 1962లో తెరిచిన విమానాశ్రయానికి అరవై ఏళ్లకు రైలు స్టేషన్ వచ్చిందన్నమాట. మన ఊళ్లలో పనులు నత్తనడక నడుస్తాయని విసుక్కునేవాళ్లకు ఇది కొంత ఊరట. డల్లెస్‌లో దిగినవాళ్లు నేరుగా రైలెక్కాలనుకుంటే, టెర్మినల్ కింది అంతస్తు నుంచి నేల కిందుగా ఒక నడక సొరంగం ఉంటుంది, అందులో కదిలే నడకబాటలు కూడా ఉంటాయి. ఐదారు నిమిషాల్లో స్టేషన్ చేరవచ్చు. కానీ మనిషికి రెండేసి 23 కిలోల పెట్టెలతో దిగే మనవాళ్లకు నేనా సలహా ఇవ్వను, ఆ రోజుకు అల్లుడి కారే నయం.

చార్జీ దగ్గరే ఈ మెట్రో అసలు స్వభావం బయటపడుతుంది. దూరాన్నిబట్టి చార్జీ అన్నది హైదరాబాద్ మెట్రోలోనూ ఉన్నదే, కొత్తేమీ కాదు. ఇక్కడ దూరంతో పాటు రోజు, గంట కూడా లెక్కలోకి వస్తాయి. మేము తిరిగిన రోజుల్లో, సోమవారం నుంచి శుక్రవారం వరకు రాత్రి తొమ్మిదిన్నర దాకా కనీస చార్జీ 2.25 డాలర్లు, గరిష్ఠ చార్జీ 6.75 డాలర్లు, తొమ్మిదిన్నర దాటాక, శని ఆదివారాల్లో రోజంతా, ఎంత దూరం వెళ్లినా 2.50 డాలర్లకు మించదు. యాష్‌బర్న్ లైనుకు చిట్టచివరి స్టేషన్ కాబట్టి అక్కడినుంచి నగరం నడిబొడ్డుకు వెళ్లేవాళ్లకు గరిష్ఠ చార్జీయే పడుతుంది. ఇద్దరు మనుషులు పోను రాను బుధవారమైతే 27 డాలర్లు, అదే శనివారమైతే 10 డాలర్లు. ఒకే రైలు, ఒకే సీటు, ఒకే గంట ప్రయాణం. తేడా మాత్రం మన డబ్బుల్లో పధ్నాలుగు వందల రూపాయల పైమాటే.

వినగానే, అయితే శనివారమే వెళ్దాం అనిపిస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. శని ఆదివారాల్లో పిల్లలకు సెలవు, కారు ఖాళీగా ఉంటుంది, వాళ్లే తీసుకెళ్తామంటారు. పిల్లలు ఆఫీసు పనిలో మునిగి, మనవలు స్కూలుకో వేసవి క్యాంపుకో వెళ్లిపోయి, నాలుగు గోడల మధ్య మనం టీవీ ముందు మిగిలిపోయే రోజులు సోమవారం నుంచి శుక్రవారం దాకా. రైలు మనకు నిజంగా అవసరమైన రోజునే దాని చార్జీ ఎక్కువ. పోనీ అని మానుకుందామంటే, మ్యూజియాల్లో రద్దీ తక్కువగా ఉండేదీ ఆ రోజుల్లోనే. నేను రెండు వారాలు ఆ 27 డాలర్లు కట్టి, ఆ తర్వాత దీనికి ఉన్న పరిష్కారం కనుక్కున్నాను. 65 ఏళ్లు దాటినవాళ్లకు సగం చార్జీ కార్డు ఉంది. వయసు తెలిపే ప్రభుత్వ ఫొటో గుర్తింపు చూపిస్తే నగరంలోని మెట్రో సెంటర్ స్టేషన్లో ఉన్న అమ్మకాల కార్యాలయంలో ఇస్తారు. నేను పాస్‌పోర్టు చూపించి తీసుకున్నాను. మన రైల్వే వృద్ధుల రాయితీని 2020 మార్చిలో ఎత్తేసి మళ్లీ ఇవ్వలేదు. విజయవాడ కౌంటర్లో వేల మందికి ఆ రాయితీ టికెట్లు కొట్టిన చేతితోనే పరాయి దేశంలో రాయితీ కార్డు అందుకుంటుంటే మనసులో ఏదోలా అనిపించిన మాట నిజం. మా ఆవిడకు ఇంకా 65 నిండలేదు కాబట్టి ఆమెది పూర్తి చార్జీయే; ఆ సంగతి ఆమె ప్రతి ప్రయాణంలో ఒకసారి నాకు గుర్తుచేసేది.

రాయితీ లేనివాళ్లకు 13.50 డాలర్ల ఒకరోజు పాస్ ఉంది. యాష్‌బర్న్ నుంచి పోను రాను చార్జీకి అది సరిగ్గా సమానం కాబట్టి, పగలు నగరంలో ఇంకొక్కసారి రైలో బస్సో ఎక్కినా అది మిగులే. శనివారం మాత్రం ఆ పాస్ కొనడం డబ్బు దండగ.

కార్డు విషయానికి వస్తే, స్మార్‌ట్రిప్ అనే ప్లాస్టిక్ కార్డు స్టేషన్లోని యంత్రంలో రెండు డాలర్లకు వస్తుంది, అందులో డబ్బు వేసుకోవాలి. 2025 మే 28 నుంచి అదీ అక్కర్లేకుండా, తాకిస్తే పనిచేసే మామూలు బ్యాంకు కార్డుతోనే గేటు దాటే ఏర్పాటు వచ్చింది. మన బ్యాంకుల కార్డులతో దాటవచ్చు గానీ, రిజర్వు బ్యాంకు 2020లో పెట్టిన నిబంధన ప్రకారం కొత్త కార్డుకు విదేశీ వాడకం, తాకించి చెల్లించే సౌకర్యం రెండూ మొదట ఆపే ఉంచుతారు. ఊరు దాటకముందే బ్యాంకు యాప్‌లో వాటిని తెరుచుకోవాలి. ప్రతి లావాదేవీకీ బ్యాంకు వేసే మారకపు రుసుము కూడా కలిపి చూసుకుంటే, రెండు డాలర్ల కార్డు కొనుక్కోవడమే తెలివైన పని.

ఇక్కడ నా తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. మొదటిరోజు యాష్‌బర్న్‌లో ఒకే కార్డు కొని, గేటుకు తాకించి మా ఆవిడను ముందు పంపించి, అదే కార్డును నా కోసం మళ్లీ తాకించాను. గాజు తలుపు కదల్లేదు. మూడుసార్లు ప్రయత్నించాను. పూలూ పండ్లూ ఉన్న సంచి పట్టుకుని ఆమె లోపల, కార్డు పట్టుకుని నేను బయట. కార్డు లోపలికి వెళ్లినట్టు నమోదైతే, అది బయటికి వచ్చేదాకా మళ్లీ లోపలికి రానివ్వదు. దూరాన్నిబట్టి చార్జీ కట్టే ఏ వ్యవస్థకైనా అది ప్రాథమిక సూత్రం. జీవితమంతా చార్జీల పట్టికలతో కాపురం చేసిన నాకు ఆ క్షణంలో తట్టలేదు. గేటు పక్కన గాజు గదిలో కూర్చున్న స్టేషన్ మేనేజరు, ఒక పెద్దావిడ, బయటికి వచ్చి, నవ్వకుండా, మనిషికొక కార్డు ఉండాలని చెప్పి యంత్రం దగ్గరికి తీసుకెళ్లి రెండోది కొనిపించింది. అడిగితే చెప్పే మనిషి గేటు దగ్గరే ఉండటం ఈ మెట్రోలో నాకు నచ్చిన మొదటి విషయం. ఐదేళ్లలోపు పిల్లలకు మాత్రం కార్డు అక్కర్లేదు, పెద్దవాళ్లు ఒక్కొక్కరి వెంట ఇద్దరేసి చొప్పున ఉచితంగా రావచ్చు.

రెండో విషయం ప్లాట్‌ఫారం. నగరంలోని భూగర్భ స్టేషన్లు పెద్ద గుమ్మటాల్లా ఉంటాయి; చదరపు గూళ్లతో ఉన్న ఆ కాంక్రీటు కప్పులను రూపొందించినవారు హ్యారీ వీస్ అనే వాస్తుశిల్పి. వెలుతురు మందకొడిగా ఉంటుంది, చూపు తగ్గినవాళ్లు మెట్ల దగ్గర జాగ్రత్తగా నడవాలి. కానీ ప్లాట్‌ఫారం అంచున, రాతి పలకల్లో వరుసగా పొదిగిన గుండ్రటి దీపాలున్నాయి. రైలు దగ్గరికి వస్తోందంటే ఆ దీపాలు వెలుగుతూ ఆరుతూ ఉంటాయి. గంట లేదు, అరుపు లేదు, పరుగు లేదు. కూర్చున్నవాళ్లు దీపాలు చూసి లేచి నిలబడతారు. స్మిత్సోనియన్ స్టేషన్లో బల్ల మీద కూర్చుని, ఎక్కాల్సిన రైళ్లు రెండు వదిలేసి మరీ నేనది చూశాను. మా ఆవిడ ముందు విసుక్కుంది, తర్వాత తనే రైలు వస్తోందని నాకన్నా ముందు చెప్పడం మొదలుపెట్టింది. తలపైన బోర్డులో రైలు రంగు, పెట్టెల సంఖ్య, చివరి స్టేషన్, ఎన్ని నిమిషాల్లో వస్తుందో వరుసగా ఉంటాయి. నీలి, నారింజ, వెండి లైన్లు నగరంలో ఒకే పట్టాల మీద నడుస్తాయి కాబట్టి, తిరుగు ప్రయాణంలో బోర్డు చూడకుండా వచ్చిన రైలెక్కితే వియన్నాలోనో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనో తేలతారు. యాష్‌బర్న్ అన్న పేరు కనబడేదాకా ఎక్కకూడదు. తలుపులు మూసుకునేటప్పుడు చెయ్యి అడ్డుపెడితే లిఫ్టు తలుపుల్లా తెరుచుకోవు, ఆ అలవాటు మానుకోవాలి. ఎస్కలేటర్ మీద కుడిపక్క నిలబడి ఎడమపక్క నడిచేవాళ్లకు వదలాలి. రైల్లోగానీ స్టేషన్లోగానీ తినడం తాగడం నిషేధం, పులిహోర పొట్లం మ్యూజియం బయటి బల్ల దగ్గర విప్పుకోవాల్సిందే.

మనవాళ్లు ఈ రైల్లో వెళ్లేది ఎక్కువగా మ్యూజియాలకే. వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ సంస్థ నడిపే మ్యూజియాలన్నిటికీ ప్రవేశం ఉచితం. అయినా ఉచితం అంటే ఎప్పుడు వెళ్లినా లోపలికి రానిస్తారని కాదు. వైమానిక అంతరిక్ష మ్యూజియానికి ఫలానా గంటకు వస్తామని ముందుగా ఇంటర్నెట్‌లో ఉచిత పాస్ తీసుకోవాలి. దీనికి లాన్‌ఫాంట్ ప్లాజా స్టేషన్ దగ్గర. అమెరికా పార్లమెంటు ఉండే కాపిటల్ భవనానికి కాపిటల్ సౌత్‌లో దిగాలి; పర్యటన ఉచితమే, ఆదివారం ఉండదు, నీళ్ల సీసాతో సహా తినేవీ తాగేవీ ఏవీ లోపలికి రానివ్వరు. అక్కడినుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు నేల కిందుగా దారి ఉంది, ఎండ తగలకుండా వెళ్లిరావచ్చు. 555 అడుగుల వాషింగ్టన్ స్మారకం పైకెక్కాలంటే ఇంటర్నెట్‌లో ఒక డాలరు రుసుముతో ముందుగా టికెట్ తీసుకోవాలి, లేదా ఆ రోజు పొద్దున్నే పదిహేనో వీధిలోని చిన్న టికెట్ గదిలో ఉచితంగా ఇచ్చేవాటి కోసం నిలబడాలి. మేము ఎనిమిదిన్నరకు వెళ్లేసరికి క్యూ అప్పటికే మలుపు తిరిగింది, అయినా పదకొండు గంటలకు దొరికింది.

లింకన్ స్మారకం దగ్గరే అందరూ మోసపోతారు. పటంలో అన్నీ పక్కపక్కనే ఉన్నట్టుంటాయి గానీ దానికి దగ్గరలో మెట్రో స్టేషనే లేదు. ఫాగీ బాటమ్‌లో దిగితే ఇరవై నిమిషాలకు పైగా నడక, జూలై ఎండలో మోకాళ్ల నొప్పులవాళ్లకు అది చిన్న దూరం కాదు. మ్యూజియాల మధ్య ఒక డాలరుకే తిప్పే ఎర్ర బస్సు, సర్క్యులేటర్, ఉందని తెలుగు యాత్రా వీడియోల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. అది 2024 చివరితో పూర్తిగా ఆగిపోయింది. అలాగే 2025 జూన్ 29న నగర బస్సుల రూట్లను తిరగరాసి పేర్లన్నీ మార్చేశారు, కాబట్టి అంతకుముందు ఎవరో రాసిచ్చిన బస్సు నంబర్లను నమ్ముకోకూడదు. మేము ఉండగానే మారాయి. మా వియ్యంకులు ప్రేమగా రాసిచ్చిన కాగితం ఒక్క రాత్రిలో చిత్తుకాగితమైంది. ల్యాన్‌హామ్‌లోని శివవిష్ణు ఆలయానికి కూడా రైలును నమ్ముకోకుండా కారులోనే వెళ్లడం మంచిది.

డల్లెస్ పక్కనే షాంటిలీలో ఉన్న ఉద్వార్-హేజీ కేంద్రం స్మిత్సోనియన్ వాళ్లదే. డిస్కవరీ అంతరిక్ష నౌక, కాంకార్డ్ విమానం అక్కడే ఉన్నాయి. దానికి ప్రవేశం ఉచితం, కారు నిలిపితే 15 డాలర్లు, సాయంత్రం నాలుగు దాటాక అదీ లేదు. విమానాశ్రయం నుంచి ఫెయిర్‌ఫాక్స్ కనెక్టర్ వారి 983 నంబరు బస్సు వెళ్తుంది. యాష్‌బర్న్ వైపు ఉండేవాళ్లు నగరందాకా వెళ్లకుండా ఒక పూట గడపడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

ఈ సేవకు నేను మార్కులు తగ్గించేది ఒక్కచోటే, అది రైలు తప్పు కూడా కాదు. ఇంటికీ స్టేషనుకూ మధ్య ఉన్న నాలుగు మైళ్లు. ఆటో లేదు, కేకేస్తే పలికే రిక్షా లేదు, దగ్గరి బస్సు స్టాపుకు మైలు నడక. పొద్దున అల్లుడు ఆఫీసు కాల్ మొదలయ్యేలోగా దింపేవాడు. కొన్ని పాత స్టేషన్లలో ఇలా దింపిపోయే చోటుకు కిస్ అండ్ రైడ్ అని బోర్డు ఉంటుంది. దాని అర్థం అడిగితే మా అల్లుడు గారు గేరు మార్చే పనిలో పడ్డారు, ఆ కారుకు గేర్లే లేవు. సాయంత్రం తిరిగొచ్చేటప్పటికి పిల్లలు పనిలో ఉండేవారు. ఒకరోజు, పేరెందుకు గానీ, ఒక యాప్ ట్యాక్సీ పిలిస్తే పద్దెనిమిది డాలర్లు చూపించింది, పది నిమిషాలు ఆగాక ఆ డ్రైవరు రానని రద్దు చేశాడు, రెండో బండి ఇరవై మూడు అడిగింది. పాతిక మైళ్లకు పైగా తెచ్చిన రైలుకు ఇద్దరమూ కలిసి కట్టినదానికన్నా నాలుగు మైళ్ల ట్యాక్సీకి రెట్టింపు కట్టామన్నమాట. ఆ తర్వాత మధ్యాహ్నం మూడున్నర రైలుకే బయల్దేరి, మనవడి స్కూలు క్యాంపు వదిలే వేళకు అమ్మాయి కారు అటుగా వచ్చేలా సమయం కుదుర్చుకున్నాం. కొత్తగా వెళ్లేవాళ్లు రైలు వేళలకన్నా ముందు ఇంట్లోవాళ్ల వేళలు అడిగి రాసుకోవాలి.

సోమవారం నుంచి గురువారం దాకా మెట్రో తెల్లవారి ఐదు నుంచి అర్ధరాత్రి వరకు నడుస్తుంది. జూలై 4 బాణసంచా రాత్రి మాత్రం మాతో తిరిగొచ్చిన జనాన్ని చూసి మా ఆవిడ పుష్కరాల రోజుల్లో విజయవాడ స్టేషన్ గుర్తొస్తోందంది. నిలబడే వచ్చాం. మెక్లీన్ దాటాక ఎవరో ఒక కుర్రాడు లేచి ఆమెకు సీటిచ్చాడు, నాకు యాష్‌బర్న్ ముందు స్టేషన్లో దొరికింది.